తెరకు అవతల మూరెడు

వెంకటస్వామి తీసిన పెళ్ళి ఫోటోలో కంటిరెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చని రాయపూర్ రైల్వే వ్యాగన్ షాపు కాలనీలోని తెలుగువాళ్ళంతా గొప్పగా చెప్పుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ వెంట్రుకలు కెమెరాకి దొరికినవి కావు, ఆయన భార్య తాయారమ్మ సన్నకుంచెతో ఒక్కొక్కటిగా దిద్దినవి.

అయిదేళ్ళుగా ఇదే వరస. ఆయన కుడికంట్లో శుక్లం ముదిరి కూర్చుంది. ఎడమకంటి చూపు మొదట్నుంచీ అంతంతమాత్రమే. కెమెరాలో కన్నుపెట్టి, రింగు ముందుకీ వెనక్కీ తిప్పి, కనపడిందనిపించిన చోట ఆపి మీట నొక్కేవాడు. ముఖం అలికేసినట్టు వచ్చేది. ముహూర్తం ఫోటో పెద్దది చేయించాక, ఫ్రేము కట్టించే ముందు, తాయారమ్మ దాన్ని భూతద్దం కింద పెట్టుకుని కళ్ళూ రెప్పలూ ముక్కుపుడకా దిద్ది పెట్టేది. ఆపరేషన్ చేయించుకోమంటే మండిపడేవాడు. కళ్ళు పోయాయని నలుగురికీ తెలిస్తే ఫోటోగ్రాఫర్ బతుకేముందని ఆయన భయం. ఆ భయాన్నంతా కోపం చేసి భార్య మీద గురిపెట్టడంలో మాత్రం ఆయన చూపు ఎన్నడూ తప్పలేదు.

తాయారమ్మకి యాభై నాలుగేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు చీకటిగదిలో ఫిల్ములు కడిగింది. పెళ్ళిమండపం మీద లైటు పట్టుకుని నిలబడేదీ ఆవిడే. నెగటివులు చూసీ చూసీ ఏ ఫోటోలో చూపు ఎక్కడ కుదిరిందో, ఎందుకు తప్పిందో ఆవిడకి తెలిసినంత ఆయనకే తెలియదు. కెమెరా మాత్రం ఒక్కనాడూ చేతికివ్వలేదు. ఒక్క ముహూర్తం ఫోటో, ఒకే ఒక్కటి, తన చేత్తో తీసి అది తాయారమ్మ తీసిందని నలుగురి చేతా అనిపించుకోవాలని ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది. అడిగితే ఏం జరుగుతుందో తెలిసి అడగలేదు.

కొత్త రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అయ్యి నెల తిరక్కుండానే, వ్యాగన్ షాపు ఫిట్టరు పరదేశి కూతురు సరోజినికి పెళ్ళి కుదిరింది. సరోజిని తల్లి దాలమ్మ స్టూడియో మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"వదినా, మా పెద్దదాని ఫోటోలో మొకం నేదు. పిండిముద్ద ఎట్టినట్టుంది. రెండేళ్ళ బట్టి గోడ మీద ఆ ఫోటో సూసినప్పుడల్లా కడుపు మండిపోతంది" అంది.

"మీ అమ్మాయి కదిలింది. కదిలితే నానేటి సేస్తాను?" అన్నాడు వెంకటస్వామి.

పెద్దమ్మాయి కదల్లేదు. ఆ నెల తాయారమ్మ తల్లి పోతే ఆవిడ విజయనగరం వెళ్ళింది. దిద్దే చెయ్యి ఊళ్ళో లేక ఫోటో ఉన్నదున్నట్టుగా దాలమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. ఈ సంగతి మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ తెలుసు, దాలమ్మకి తెలియదు.

"కదిలిందో నేదో నాకు తెల్దు. ఈపాలి మా సరోజిని కళ్ళు అవుపడకపోతే, అన్నా, ఈ కాలనీలో ఇంకో పెళ్ళికి నిన్ను పిలవనియ్యను. నా నోరు సంగతి నీకు తెలుసు. పెళ్ళికొడుకోలు మీ బామ్మరిది సత్తిరాజుని తెస్తన్నారు, డిజిటల్ కెమెరాతో. ఇద్దరూ తియ్యండి. ఎవుల ఫోటోలో నా కూతురు కూతురులాగుంటే ఆలే ఇంక మా అందరి పెళ్ళిళ్ళకీని" అనేసి దాలమ్మ వెళ్ళిపోయింది.

ఇంత మండిపడ్డా మళ్ళీ ఈ గుమ్మమే ఎక్కడానికి కారణం ఉంది. ఊళ్ళో హిందీ ఫోటోగ్రాఫర్లకి మన పెళ్ళి అర్థం కాదు. జీలకర్రా బెల్లం పెట్టేదే అసలు ముహూర్తమని వాళ్ళకెంత చెప్పినా ఎక్కదు. సరిగ్గా ఆ వేళకి బయట నిలబడి చాయ్ తాగుతుంటారు. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య పట్టిన తెర దించగానే, ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టి మొదటిసారి చూసుకునే ఆ చూపు, మళ్ళీ పెట్టించి తీసుకునేది కాదు. పోతే పోయినట్టే.

ఆ మధ్యాహ్నం తాయారమ్మ అడిగేసింది. "ఈ ముహూర్తం నాను తీస్తాను."

"నువ్వా? కెమెరా పట్టుకుని మండపం మీద గెంతుతావా? నలుగురూ నా మొకాన ఉమ్మడానికా?"

"మీకు కనపడదు."

"ఆ మాట ఇంకోపాలి అన్నావంటే పళ్ళు రాలగొడతాను. లైటు పట్టుకోడానికి వస్తే రా. నేదంటే ఇంట్లో పడుండు."

తాయారమ్మకి పచ్చి అసహ్యం పుట్టింది. ఆయన కన్ను పోయినందుకు ఆవిడకి ఏనాడూ అసహ్యం లేదు. ఆ కంటికి తన కన్ను అరువిచ్చినందుకు దక్కిన మర్యాద ఇదీ అని మండింది.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం సత్తిరాజు దిగాడు. తాయారమ్మకి సొంత తమ్ముడు. ఈ స్టూడియోలోనే పని నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పెళ్ళిలో లైటు పక్కకి పట్టాడని వెంకటస్వామి అందరి ముందూ చెంప పగలగొడితే, ఆ రాత్రే వెళ్ళిపోయి మోవా పేటలో ఇల్లు తీసుకున్నాడు. ఇప్పుడు ఊరి బయట సిల్తారాలో ఇనప ఫ్యాక్టరీ ఆఫీసులో ఉన్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళు యంత్రాల ఫోటోల కోసం కొన్న కెమెరా మెళ్ళో వేసుకుని, ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి గుమ్మంలోకొచ్చి, "ఏం బావా, నీ డబ్బా ఇంకా పనిచేస్తోందేటి?" అన్నాడు.

"పనోడి సేతిలో పనిసేస్తాది. నీ సేతిలో ఏదీ పనిసెయ్యదు" అన్నాడు వెంకటస్వామి.

"ఇందులో పనోడు బిల్కుల్ అక్కర్లేదు. రింగు తిప్పక్కర్లేదు, కన్ను చికిలించక్కర్లేదు. సగం నొక్కితే అదే చూసుకుంటాది. పూరా నొక్కితే బొమ్మ యెనకాల అద్దంలో పడతాది. నీలాగ వారం రోజులు దాచక్కర్లేదు." కన్ను చికిలించడమన్నప్పుడు వాడు బావ కుడికన్ను వంకే చూశాడు.

తాయారమ్మ లోపలి గుమ్మానికి కట్టిన పూసల తెర వెనక నిలబడి ఉంది. సత్తిరాజు కెమెరా ఆవిడ వైపు తిప్పి నొక్కి, వెనకనున్న అగ్గిపెట్టంత అద్దం చూపించాడు. పూసలు ఒక్కొక్కటీ నిగనిగలాడుతున్నాయి. వెనక అక్క ముఖం పొగ. వెంకటస్వామి దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. ఏమీ కనపడలేదని తాయారమ్మకి తెలుసు. అయినా "థూ, సెత్త" అన్నాడు. తమాషా ఏమిటంటే ఆ ఒక్కమాటూ నిజమే అయింది.

"ఇలా ఇయ్యి" అని తాయారమ్మ కెమెరా లాక్కుంది. పూసల తెరకి అటు తమ్ముడు, ఇటు తను. సగం నొక్కితే లెన్సు జుర్రుమని తిరిగి పూసల దగ్గరే ఆగింది. దగ్గర ఏదుంటే దాన్ని పట్టుకుంటుంది, ముఖమేదో గుడ్డేదో దానికేం తెలుసు అనుకుంది. లెన్సు మొదట్లో చిన్న మీట కనపడింది. దాన్ని కిందికి తోసింది. ఇప్పుడు సగం నొక్కినా లెన్సు కదల్లేదు, పూసల దగ్గర ఆగింది ఆగినట్టే ఉంది. రింగు వెంట్రుకవాసి తిప్పింది. పూసలు కరిగిపోయి, వాటి వెనక తమ్ముడి ముఖం, మీసం మీద చెమటతో సహా, తేటగా వచ్చి నిలబడింది.

"అక్కా! ఆ మీట ముట్టుకోకు. అది మాన్యువలు. పాతకాలపోళ్ళ కోసం పెట్టేరు" అని సత్తిరాజు గబుక్కున కెమెరా లాక్కుని మీట పైకి తోసేశాడు.

"రేపు తెర పట్టుకున్నప్పుడు నీ కెమెరా ఏటి సేస్తాదిరా?"

"అదే చూసుకుంటాదని సెప్పేను గదా. బావ దగ్గరుండి నీకూ బుర్ర మొద్దుబారింది."

వాడు వెళ్ళాక తాయారమ్మ చీకటిగదిలో కూర్చుని పాత నెగటివుల డబ్బాలు తీసింది. ఎన్నో పెళ్ళిళ్ళ ముహూర్తాలు భూతద్దం కింద వరసగా చూసుకుంటూ పోయింది. తెలిసిన సంగతే మళ్ళీ తెలిసింది. తెర నుంచి పెళ్ళికూతురి ముఖానికి మూరెడు దూరం. నెత్తిన పెళ్ళికొడుకు చెయ్యి పడగానే ప్రతి పిల్లా జానెడు వెనక్కి వాలుతుంది. ఎంత ధైర్యం గలదైనా సరే, ముప్ఫయ్యేళ్ళలో వాలని పెళ్ళికూతురు ఒక్కతీ లేదు.

పెళ్ళి రైల్వే వాళ్ళ హాల్లో. ముహూర్తం పగలు పది నలభై రెండుకి. వెంకటస్వామి పెళ్ళికొడుకు భుజం పక్కన స్టూలు వేయించుకుని నిలబడ్డాడు. పెళ్ళికూతురి చూపు దొరికే చోటు అదొక్కటే. సత్తిరాజు కూడా అక్కడికే వచ్చి మోచేత్తో తోశాడు. ఆయన స్టూలు మీంచే కాలితో తోశాడు. పురోహితుడు మంత్రం ఆపి "నాయనా, ముందు మీ ఇద్దరికీ చెయ్యాలా పెళ్ళి?" అని కసిరాడు. జనం నవ్వారు. ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి.

తెర పట్టారు. పసుపు అంచుల తెల్లగుడ్డ. సరోజిని దాని వెనక మాయమైంది. తాయారమ్మ లైటు పట్టుకుని మొగుడికీ తమ్ముడికీ నడుమ నిలబడి ఉంది. మొగుడి వేళ్ళు రింగు మీద ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ వెళ్తున్నాయి. ఆగడం లేదు.

"తెర మీద పెట్టుకుని, అక్కణ్ణించి మూరెడూ జానెడూ కలపండి" అంది చిన్నగా.

"నోర్ముయ్" అన్నాడాయన, అంతకంటే చిన్నగా.

ఇటుపక్క సత్తిరాజు సగం నొక్కాడు. లెన్సు జుర్రుమంది, తెర మీద ఆగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తెరే. వాడి పక్కనున్నవాళ్ళు అప్పుడే అక్షింతలు చల్లుతుంటే, ఆ గింజల్ని పట్టుకోబోయి లెన్సు ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తింది. సత్తిరాజు మెడ మీద చెమట పట్టింది. మేళగాళ్ళు జోరు పెంచారు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు.

"అక్కా, ఇది పట్టుకోవట్లేదే" అన్నాడు. నిన్నటి గొంతు కాదది.

తాయారమ్మకి వాడి మీద రవ్వంత జాలి కలగలేదు. చేతిలో లైటు వాడి చేతిలో కుక్కి, మెళ్ళోంచి కెమెరా తీసేసుకుంది. "నీ నీడ పడతంది. అటెళ్ళి పెళ్ళికూతురి యెనకాల నిలబడి లైటు ఎత్తి పట్టుకో. కదిలేవంటే సంపేస్తాను" అంది. ఎనిమిదేళ్ళ కిందట ఇలాంటి కేక విన్న అలవాటో ఏమో, కాళ్ళు వాటంతటవే కదిలి వాడు వెళ్ళి నిలబడ్డాడు.

ఆవిడ కెమెరా తెరకి గురిపెట్టి సగం నొక్కింది. లెన్సు తెర అంచుని పట్టుకుంది. సరే, అంతవరకూ నువ్వు చూడు, అనుకుంది. మీట కిందికి తోసింది. ఇక గింజలు పడనీ, పూలు పడనీ, అది కదలదు. తెర నుంచి మూరెడు. రింగు కొద్దిగా తిప్పింది. ఆపైన జానెడు. వెంట్రుకవాసి తిప్పింది. ఇదంతా చేసింది కనపడని ముఖానికి. కొంచెం ఎడంగా జరిగి, ఎవరెవరు ఎక్కడ పడతారో చూసుకుంది. తమ్ముణ్ణి ఆవిడ ఎరగదా? చూసుకునే నిలబడింది.

తెర దించారు. రెండు చేతులు రెండు తలల మీదికి వెళ్ళాయి. సరోజిని జానెడు వెనక్కి వాలింది, కళ్ళెత్తింది. ఆ కళ్ళల్లో భయమూ నవ్వూ కలిసి ఉన్నాయి. తాయారమ్మ నొక్కింది. పక్కన స్టూలు మీద వెంకటస్వామి కూడా నొక్కాడు.

హాలంతా పెళ్ళివాళ్ళనే చూస్తూ అక్షింతలు విసురుతోంది. కెమెరా ఎవరి చేతిలో ఉందో చూసే తీరిక ఎవరికీ లేదు. ఊపిరి తిరిగేలోపల సత్తిరాజు వచ్చి లైటు ఆవిడకిచ్చేసి కెమెరా మెళ్ళో వేసుకున్నాడు. వెనక అద్దంలో బొమ్మ చూసుకుని ఒక్క క్షణం నోరు తెరిచాడు. ఆ వెంటనే "రండి, రండి, చూడండి!" అని కేకపెట్టాడు. దాలమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. అగ్గిపెట్టంత అద్దంలో కూతురి కళ్ళు చూసుకుని బొటబొటా కన్నీళ్ళు కార్చింది.

"ఎంత బాగా తీసేవు నాయనా!"

"మరేటనుకున్నావు దాలమ్మక్కా! రింగులు తిప్పుకునే రోజులు పోయేయి" అన్నాడు సత్తిరాజు.

"నా పక్కన సేరి నా చోటు కాజేసేడు. నాది పెద్దది చేయించేక చూడు" అన్నాడు వెంకటస్వామి స్టూలు దిగుతూ.

తాయారమ్మ లైటు పట్టుకుని ఇద్దర్నీ చూసింది. ముహూర్తం మీద నోరు పారేసుకోకూడదని ఊరుకుంది. అసలు సంగతి నోటితో చెబితే నమ్మేవాళ్ళు లేరని కూడా ఆవిడకి తెలుసు.

నాలుగోరోజు సత్తిరాజు, బావ ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చాడు. "అక్కా, వచ్చే వారం ఇంకో పెళ్ళుంది. ఆ మీట ఏ వేళకి తోసేవు? తర్వాత రింగు ఎంత తిప్పేవు?"

"నానేటి తిప్పేనురా? నువ్వే కదా తీసేవు" అంది తాయారమ్మ కుంచె కడుక్కుంటూ.

వాడు బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి తిట్టాడు. ఆవిడ తలెత్తలేదు.

వెంకటస్వామి ఫోటో పెద్దదై వచ్చింది. సరోజిని ముఖం ఉండాల్సిన చోట పసుపూ తెలుపూ కలిసిన మసక. ఆయన దాన్ని తెచ్చి ఆవిడ బల్ల మీద పడేసి, "రేపు దాలమ్మ వస్తాది. రెప్పలూ అవీ దిద్దీసి ఉంచు" అని బయటికి పోయాడు. ఎప్పుడూ అంతే. దిద్దమని అడగడు, బాగుందని అనడు. తాయారమ్మ ఆ మసకని చాలాసేపు చూసింది. అయిదేళ్ళలో మొదటిసారి, ఫోటో ఎదురుగా ఉండి కూడా కుంచె రంగులో ముంచలేదు. ఫోటోని అట్టలో పెట్టి, పైన పల్చటి కాగితం అంటించి, కట్టేసింది.

మర్నాడు పొద్దున్న దాలమ్మ వచ్చింది. ఒక్కర్తీ రాలేదు, వెంట సత్తిరాజుని కూడా తెచ్చింది. చెల్లెలి కొడుకు పెళ్ళికి ఎవరిని పెట్టుకోవాలో ఈ గుమ్మంలోనే తేల్చేస్తానందట. నాగపూర్‌లో వేయించిన డిజిటల్ ఫోటో బల్ల మీద పెట్టి, వెంకటస్వామి ఇచ్చిన అట్ట విప్పి దాని పక్కన పెట్టింది.

"అన్నా, రెండూ ఒక్క గడియలో తీసినవే. దీన్లో నా కూతురికి కళ్ళున్నాయి. దీన్లో కళ్ళు నేవు, ముక్కు నేదు, ఏటీ నేదు. మళ్ళీ కదిలిందంటావేటి?"

వెంకటస్వామి ఫోటో లాక్కుని ముక్కుకి ఆనించుకున్నాడు. వేళ్ళతో తడిమాడు. రంగు ఆరిన గరుకు వేళ్ళకి తగల్లేదు. ఆ కోపంలో ఎదురుగా ఎవరున్నారో మరిచిపోయి గట్టిగా అరిచాడు.

"ఏమే! దిద్దనేదేటే?"

దాలమ్మ ఆయన్నీ చూసింది, తాయారమ్మనీ చూసింది. "దిద్దడమేటి?" అంది.

"ఈ అయిదేళ్ళలోనూ నువ్వు మెచ్చుకున్న కళ్ళన్నీ నా కుంచెవి, దాలమ్మా. మీ పెద్దమ్మాయి పెళ్ళికి నాను ఊళ్ళో ఉండనేదు. అందుకే ఆ పిల్లకి మొకం నేదు. పిల్ల కదల్నేదు" అంది తాయారమ్మ.

వెంకటస్వామి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన్ని చూస్తే ఎవరికైనా జాలి వెయ్యాలి. తాయారమ్మకి కూడా వేసేదే, ఆ "నోర్ముయ్" ఇంకా చెవిలో లేకపోతే.

సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు. "నాను ముందే సెప్పేను గదా దాలమ్మక్కా. పాతకాలం సరుకు. ఇంక నీ పెళ్ళిళ్ళన్నీ నాకే—"

"అవుతే ఈ ఫోటో నువ్వే తీసేవు?" అంది తాయారమ్మ.

"నాను కాకపోతే ఎవులు తీసేరు?"

తాయారమ్మ భూతద్దం తీసి డిజిటల్ ఫోటో మీద పెట్టింది. సరోజిని కళ్ళ మీద కాదు. అక్కణ్ణించి మెల్లిగా జరుపుకుంటూ వెళ్ళి పెళ్ళికూతురి భుజం వెనక ఆపింది. దాలమ్మ వంగి చూసింది. అక్కడ ఒక మనిషి చొక్కా చెమటతో తడిసి, నోరు తెరుచుకుని, రెండు చేతులా లైటు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకనున్నాడు కనక కొంచెం మసక. అయినా మీసంతో సహా ఎవరో పోల్చుకోవచ్చు.

దాలమ్మ భూతద్దంలో ఒకసారి, ఎదురుగా ఒకసారి చూసింది. "నువ్వు తీసిన ఫోటోలో నువ్వెలాగున్నావు నాయనా?" అంది.

సత్తిరాజు నోరు ఫోటోలో ఉన్నట్టే తెరుచుకుంది. వెంకటస్వామి ఫోటో లాక్కుని చూడబోయాడు, కనపడలేదు. "ఏటి? ఎవులున్నారందులో?" అని అడిగాడు.

దాలమ్మ తాయారమ్మ వైపు తిరిగింది. ఆ లైటు పట్టుకోవాల్సిన మనిషి ఈవిడ. "ఇది నువ్వు తీసేవు, వదినా" అంది.

ముప్ఫయ్యేళ్ళుగా వినాలనుకున్న మాట. విన్నాక తాయారమ్మకి ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఫోటో వెనక్కి తిప్పింది. అక్కడ సత్తిరాజు పేరు ముద్ర కొట్టి ఉంది. కుంచె నల్లరంగులో ముంచి, ఆ ముద్ర మీదుగా అడ్డంగా తన పేరు రాసింది. రంగు ఆరే దాకా ఊదుతూ కూర్చుంది.

"మీ చెల్లెలి కొడుకు పెళ్ళికి కెమెరా నా సేతిలో ఉంటాది" అంది దాలమ్మతో. ఆ తర్వాత మొగుడి వైపూ తమ్ముడి వైపూ చూడకుండానే అంది. "లైటు పట్టుకోడానికి ఒక మనిషి కావాల. మీ ఇద్దర్లో ఎవులో తేల్చుకోండి."